గునుగుకు తేదీ ఎవరు చెబుతారు?

మే నెలాఖరు, రోహిణి కార్తె. వరంగల్ చుట్టుపక్కల ఏ ఇంటి పెరట్లోకైనా తొంగిచూడండి. చామంతి కుండీలో గోధుమరంగు పుల్లలు నిలబడి ఉంటాయి. పారిజాతం ఆకు రాల్చి బోసిగా ఉంటుంది. డిసెంబరం పొదలో ఆకులకన్నా కొమ్మలే ఎక్కువ కనిపిస్తాయి. గోడవారన పోయినేడు గుంపులుగా పూసిన రెయిన్ లిల్లీల జాడే ఉండదు. పొలం గట్ల మీద గునుగు సంగతి సరేసరి, అక్కడ అలాంటి మొక్క ఒకటి ఉండేదన్న గుర్తు కూడా మిగలదు. ఆ తోటను చూసి "ఇవన్నీ పోయాయి, పీకేసి కొత్తవి పెడదాం" అనుకోనివాళ్లు తక్కువ.

నాలుగు నెలలు ఓపిక పట్టండి. మహాలయ అమావాస్య వచ్చేసరికి గట్ల మీద గునుగు నడుమెత్తున నిలబడి ఉంటుంది. గుట్టల మీద తంగేడు పసుపు కుమ్మరించినట్టు పూస్తుంది. పెరట్లో బంతి విచ్చుకుంటుంది. పొద్దున లేచేసరికి పారిజాతం కింద నేల కనపడదు. సిబ్బిలో గుమ్మడాకులు పరిచి బతుకమ్మ పేర్చడానికి కూర్చున్న ఆడవాళ్లకు పూలకు కొదవుండదు.

ఈ మార్పు ఎలా వచ్చిందని అడిగితే ఎవరైనా తడుముకోకుండా "వానవల్ల" అంటారు. ఇది సగం జవాబే. తొలకరి జూన్‌లో వచ్చింది. గునుగు జూన్‌లోనే మొలిచింది. జూలైలో నీళ్లున్నాయి, ఎండ ఉంది, మొక్కకు కావలసినన్ని ఆకులున్నాయి. అయినా అప్పుడు పూయలేదు. సెప్టెంబరు దాకా ఎవరి మాట కోసం ఆగింది? ఈ అధ్యాయమంతా ఆ మిగతా సగం జవాబు గురించే. కానీ దానికి ముందు, మే నెలలో చచ్చినట్టు కనిపించినవి ఎందుకు చావలేదో తెలియాలి.

ఎండను దాటే తీరు

ఆకు అడుగున కంటికి ఆనని రంధ్రాలుంటాయి. ఒక్క చదరపు మిల్లీమీటరులో వందకు పైగా ఉండటం మామూలే. గాలిలోంచి బొగ్గుపులుసు వాయువు లోపలికి వచ్చేది వీటిగుండానే. ఆ తలుపు తెరిచినప్పుడల్లా లోపలి తేమ బయటికి పోతుంది. వేరు పీల్చిన నీటిలో నూటికి తొంభై అయిదు పాళ్లకు పైగా ఇలా ఆవిరైపోయేదే. మొక్క ఒంట్లో ఇమిడేది చాలా కొంచెం. అంటే తిండి కావాలంటే నీళ్లు ఖర్చు పెట్టాలి, నీళ్లు మిగుల్చుకోవాలంటే పస్తుండాలి. ఎండాకాలంలో మొక్క పస్తునే ఎంచుకుంటుంది.

నేల ఎండుతున్న కొద్దీ మొక్కలో ఆబ్సిసిక్ ఆమ్లమనే హార్మోను పెరుగుతుంది. పత్తికాయలు ఎందుకు రాలిపోతున్నాయో వెతుకుతున్న వాళ్లకు 1960లలో దొరికిన పదార్థమిది. ఇది ఆకు రంధ్రాలకు రెండువైపులా కాపలా ఉండే కణాల్లోంచి పొటాషియాన్ని బయటికి పంపేస్తుంది. పొటాషియం వెంట నీరూ పోతుంది. కాపలా కణాలు వాలిపోతాయి, రంధ్రం మూసుకుంటుంది. అది కూడా చాలనప్పుడు ఆకునే వదిలించుకోవాలి. పారిజాతం చేసేది ఇదే. అయితే ఆకును ఊరికే పారేయదు. అందులో ఉన్న నత్రజనినీ భాస్వరాన్నీ వీలైనంత కొమ్మల్లోకి లాగేసుకుని, ఆకు తొడిమ దగ్గర ఒక మెత్తని పొర కట్టి, ఆ తర్వాతే రాలుస్తుంది. రాలిన ఆకు పచ్చగా కాక పసుపుగా ఉండటానికి ఒక కారణం ఆ లాగుడే.

కొమ్మలు ఎండిపోవడం మాత్రం ఇలా పద్ధతిగా జరిగేది కాదు. వేరు నుంచి ఆకు దాకా సన్నని గొట్టాల్లో నీరు తెగకుండా సాగుతుంది. పైనుంచి లాగుడు మితిమీరితే ఆ నీటిధార మధ్యలో గాలిబుడగ పుట్టి తెగుతుంది. తెగిన గొట్టం పనికిరాదు. పక్కపక్క గొట్టాలన్నీ అలా తెగితే కొమ్మ పైభాగం చస్తుంది, కింది భాగం బతికే ఉంటుంది. అందుకే మే నెలలో పొద ఉందో పోయిందో తేల్చుకోవాలంటే కొమ్మ కొసను చూడకూడదు. మొదలు దగ్గర బెరడును గోటితో గీకి చూడాలి. లోపల పచ్చగా, తడిగా ఉంటే ఆ మొక్క మీది. గోధుమరంగులో పొడిగా ఉంటే ఇంకాస్త కిందికి గీకండి. చామంతిలోనైతే పై పుల్లలన్నీ నిజంగానే చచ్చినవి. వాటిని చూసి లాభం లేదు. నేల మట్టానికి దగ్గరగా, మట్టిలో సగం దాక్కుని పిలకలుంటాయి. ఎండాకాలమంతా కుండీని నీడన పెట్టి నాలుగు చుక్కలు పోస్తూ వస్తే అవి ఓర్చుకుంటాయి. వచ్చే ఏటి చామంతులన్నీ ఆ పిలకల్లోంచే.

కొన్ని నేలలోకి దిగిపోతాయి. రెయిన్ లిల్లీ గడ్డగా, అడవినాభి దుంపగా మట్టిలో ఉండిపోతాయి. ఎర్రగా మంటలా పూసే ఆ అడవినాభి దుంపలో కాల్చిసిన్ అనే విషముంటుంది, తిన్నవాళ్లు చనిపోయిన సందర్భాలున్నాయి. పెరట్లో పెంచుకునేవాళ్లు పిల్లల్ని దూరంగా ఉంచాలి. పిల్లలు చిటపటకాయలని పిలిచే ఊదాపూల మొక్కది ఇంకో తమాషా. దాని వేళ్లు దుంపల్లా లావెక్కి నీటిని దాచుకుంటాయి. కాయలు ఎండి నెలల తరబడి అలాగే నిలబడతాయి. ఒక్క వానచుక్క పడితే చాలు, టపీమని పగిలి గింజల్ని విసిరేస్తాయి. బడిపిల్లలు నోట్లో తడిపి పేల్చేవి అవే. నేల తడిగా ఉన్నప్పుడే విత్తనం పడాలన్న ఏర్పాటు అది. కనకాంబరం కాయా ఇలాగే పేలుతుంది, రెండూ ఒకే కుటుంబంవి మరి.

తంగేడుకు ఈ తంటాలేవీ లేవు. వేరు లోతుకు పోతుంది. ఆకులో టానిన్ల వగరు వల్ల పశువులు పెద్దగా ముట్టవు. ఆ టానిన్ల కోసమే ఒకప్పుడు తోళ్లు పదును చేసేవాళ్లు తంగేడు చెక్క కొట్టుకుపోయేవాళ్లు. నడివేసవిలో కూడా అది ఆకుపచ్చగానే ఉంటుంది, అక్కడక్కడా పూస్తూనే ఉంటుంది. వానలు పడ్డాక ఆ పూత పదింతలవుతుంది.

గునుగు అన్నిటికంటే తెగువగల దారి పట్టింది. ప్రతి ఏడూ పూర్తిగా చస్తుంది. చలికాలంలో కంకి ఎండి, గసగసాలంత నల్లని మెరిసే గింజల్ని వేలల్లో రాల్చి, తల్లి మొక్క మట్టిలో కలిసిపోతుంది. మేలో పొలంలో గునుగు లేదని అన్నాను కదా, అది మొక్క మాట. గింజలుగా అయితే ఆ పొలం నిండా ఉంది.

తొలకరి ఏం చేస్తుంది?

మొదటి వానకు వచ్చే మట్టివాసన గురించి అందరూ రాశారు, నేను వదిలేస్తాను. ఆ వాసన వచ్చే వేళకే మట్టిలో మరొకటి జరుగుతుంది. దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. తూర్పు ఆఫ్రికాలో పనిచేసిన హెచ్. ఎఫ్. బర్చ్ అనే మృత్తికా శాస్త్రవేత్త 1958లో ఒక సంగతి వివరించాడు. బాగా ఎండిన మట్టిని తడిపితే, ఎప్పుడూ తడిగా ఉండే మట్టిలో కంటే సూక్ష్మజీవులు ఒక్కసారిగా విజృంభిస్తాయి. ఎండకు చచ్చిన సూక్ష్మజీవుల దేహాలూ, ఎండి విడిపోయిన సేంద్రియ పదార్థమూ వాటికి విందు. ఆ విందులో కుళ్లిన దానిలోంచి నత్రజని మొక్కకు అందే రూపంలో విడుదలవుతుంది. కొన్నాళ్లకే ఆ ఉరుకు తగ్గిపోతుంది. తొలకరి పడ్డ వారానికే గట్లన్నీ పచ్చబడటం వెనక నీటితోపాటు ఈ ఎరువు కూడా ఉంది. తొలకరికి ముందే దుక్కి సిద్ధం చేసుకుని, పదును చూసి విత్తనం వేసే రైతు ఈ ఎరువును వృథా పోనివ్వడు.

గింజలకు మాత్రం ఒక సమస్య. ఏప్రిల్‌లోనో మేలోనో అకాల వాన ఒకటి పడుతుంది. దానికి మోసపోయి మొలిచిన గింజ పదిరోజుల్లో మాడిపోతుంది. అందుకే చాలా ఎడారి మొక్కల గింజల పైపొరలో మొలకను ఆపే రసాయనాలుంటాయి. చిన్న జల్లుకు అవి కరగవు, గట్టి వాన కడిగితేనే పోతాయి. కాలిఫోర్నియా ఎడారి మొక్కల మీద పనిచేసిన ఫ్రిట్స్ వెంట్ దీన్ని ప్రయోగం చేసి చూశాడు. కింది నుంచి తడి ఎక్కించిన మట్టిలో మొలవని గింజలు, పైనుంచి వానలా నీళ్లు చల్లితే మొలిచాయి.

ఇంకా కొన్ని గింజలు వెలుతురు తగిలితే గాని మొలవవు. పొలంలో కలుపు మొక్కల గింజలు చాలావరకు ఇలాంటివే. లోతున పడ్డ గింజ చీకట్లో ఏళ్లపాటు ఊరుకుంటుంది. నాగలి తిప్పి పైకి తెచ్చిన రోజున రెప్పపాటు వెలుగు తగిలినా దానికి చాలు. 1952లో అమెరికాలోని బెల్ట్స్‌విల్‌లో బోర్త్‌విక్, హెండ్రిక్స్ బృందం లెట్యూస్ గింజల మీద దీని రహస్యం పట్టుకుంది. ఎర్రని కాంతి పడితే గింజ మొలుస్తుంది. వెంటనే దూరపు ఎరుపు కాంతి, అంటే మన కన్ను దాదాపు చూడలేని ముదురెరుపు పడితే ఆ ఆజ్ఞ రద్దవుతుంది. మళ్లీ ఎరుపు వేస్తే మళ్లీ మొలుస్తుంది. ఎన్నిసార్లు మార్చినా చివర పడ్డ కాంతిదే చెల్లుబాటు. ఇలా రెండు రూపాల మధ్య అటూ ఇటూ మారే వర్ణకం పేరు ఫైటోక్రోమ్. ఈ పేరు గుర్తు పెట్టుకోండి, పూత దగ్గర మళ్లీ కావాలి.

రాత్రి కొలత

నీటిని నమ్ముకుని పూసేట్టయితే దక్కను మొక్కలు దారుణంగా మోసపోతాయి. 2023నే చూడండి. జూలై చివరివారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఇరవైనాలుగు గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. కొన్ని ప్రాంతాల్లో ఏడాది మొత్తానికి పడనంత వాన అది. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, దేశం మొత్తం మీద చూస్తే 1901 నుంచి లెక్కల్లో ఉన్న ఆగస్టులన్నిటిలోకీ పొడిది. జూలై వరదను చూసి పూతకు దిగిన మొక్క ఆగస్టు బెట్టలో గింజ కట్టలేదు. బెట్ట చూసి కంగారుపడి పూస్తే, సెప్టెంబరు వానల్లో ఎదిగే అవకాశం పోతుంది. వాన ఏ రెండేళ్లూ ఒకేలా ఉండదు. ఏటా క్షణం తప్పకుండా నడిచేది సూర్యుడొక్కడే. రాత్రి నిడివి దానికి కట్టుబడి ఉంటుంది.

మొక్కలు ఆ నిడివిని కొలుస్తాయన్నది పొగాకు వల్ల బయటపడింది. అమెరికాలో మేరీలాండ్ మామత్ అనే పొగాకు రకం ఉండేది. మామూలు పొగాకు వేసవిలో పూస్తే ఇది పూత ఊసెత్తకుండా పది అడుగులు దాటి పెరుగుతూ, దాదాపు వంద ఆకులు వేసేది. ఆకు కోసమే పండించే పంటకు ఇంతకన్నా ఏం కావాలి? చిక్కల్లా విత్తనం దగ్గరే. పూసేలోపు మంచు వచ్చి చంపేది. గ్రీన్‌హౌస్‌లోకి మారిస్తే మాత్రం చలికాలంలో చిన్న మొక్క కూడా పూసేది. వ్యవసాయశాఖ శాస్త్రవేత్తలు గార్నర్, అల్లార్డ్ ఉష్ణోగ్రత చూశారు, ఎరువు చూశారు, తడి చూశారు, వెలుతురు తీవ్రత చూశారు. ఏదీ కుదరలేదు. చివరికి 1918 వేసవిలో, ఇదీ చూసేద్దామన్నట్టు, మొక్కల్ని సాయంత్రం పెందలాడే చీకటి గదిలో పెట్టి పొద్దెక్కాక బయటికి తెచ్చారు. నడివేసవిలో పొగాకు పూసింది. 1920లో వాళ్లు అచ్చువేసిన ఆ పరిశోధన, మొక్కలకు రోజు పొడవు తెలుసునని లోకానికి చెప్పింది.

నిజానికి అవి కొలిచేది పగటిని కాదని మరో పద్దెనిమిదేళ్లకు తేలింది. 1938లో హామ్నర్, బోనర్ మన రోడ్ల పక్కన కూడా పెరిగే మరులమాతంగి మొక్క మీద ప్రయోగాలు చేశారు. పగటి మధ్యలో కాసేపు చీకటి చేస్తే దానికి ఏమీ పట్టలేదు. పొడుగాటి రాత్రి మధ్యలో ఒక్క నిమిషం దీపం వెలిగిస్తే పూత ఆగిపోయింది. అంతరాయం లేని చీకటి ఎంతసేపు ఉందన్నదే దానికి కావలసిన లెక్క. ఆ దీపాన్ని పసిగట్టేది ఇందాకటి ఫైటోక్రోమే. అది చూసినదాన్ని మొక్కలోని జీవగడియారం వేళతో పోల్చుకుంటుంది. ఫలానా వేళ చీకటిగా ఉండాలని గడియారం ఎదురుచూస్తుంది, ఆ వేళ వెలుతురుందంటే రాత్రి ఇంకా పొట్టిదని అర్థం. ఈ గడియారం మాట జర్మన్ శాస్త్రవేత్త బ్యూనింగ్ 1936లోనే అన్నాడు గానీ అప్పట్లో నమ్మినవాళ్లు తక్కువ.

పువ్వు విరిసేది కొమ్మ చివర, రాత్రిని కొలిచేది ఆకు. ఈ సంగతి తేల్చడానికి అక్కరకొచ్చింది మన పెరటి చామంతే. 1930లలో సోవియట్ యూనియన్‌లో మిహయిల్ చైలాఖ్యాన్ అనే ఆర్మేనియన్ శాస్త్రవేత్త చామంతి కొమ్మల చివర ఆకులు తీసేసి, కింది ఆకులకు మాత్రం పొడుగు రాత్రులు, కొమ్మ చివరకు పొట్టి రాత్రులు ఇచ్చాడు. చామంతి పూసింది. ఉల్టా చేస్తే పూయలేదు. కాబట్టి ఆకులో ఏదో తయారై కొమ్మ చివరకు ప్రయాణిస్తోంది. దానికి ఫ్లోరిజెన్ అని పేరు పెట్టాడు. లైసెంకో వర్గం ఆయన మీద విరుచుకుపడినా మాట మార్చుకోలేదు. ఫ్లోరిజెన్‌ను పట్టుకోవడానికి ఏడు దశాబ్దాలు పట్టింది. అదొక చిన్న ప్రోటీను అని 2007లో తేలింది, ఆవజాతి మొక్క అరాబిడాప్సిస్‌లో ఒక బృందమూ, వరిలో మరో బృందమూ ఒకేసారి చూపించాయి. చైలాఖ్యాన్ 1991లోనే పోయాడు.

ఇక్కడ తెలివైన పాఠకుడికి ఒక అనుమానం రావాలి. మేరీలాండ్‌లో వేసవి పగటికీ చలికాలం పగటికీ అయిదు గంటలకు పైగా తేడా ఉంటుంది, కొలవడం తేలికే. హైదరాబాద్‌లో? జూన్ 21న పగలు దాదాపు 13 గంటల 10 నిమిషాలు, డిసెంబరు 21న 11 గంటల పైచిలుకు. ఏడాది మొత్తం మీద తేడా రెండు గంటలే. జూన్ నడిమి నుంచి సెప్టెంబరు చివరకు రాత్రి పెరిగేది సుమారు గంట. అంత చిన్న తేడాను మొక్క గుర్తు పడుతుందా? పడుతుంది. వరిలో ఫ్లోరిజెన్ జన్యువు అరగంట తేడాకే పనిలోకి దిగడమో మానడమో చేస్తుందని జపాన్ శాస్త్రవేత్తలు 2010లో చూపించారు. ఉష్ణమండలం మొక్కలకు చిన్న తేడాలే దిక్కు కాబట్టి, ఆ కొలతలో అవి ఆరితేరాయి. మన పాత వరి రకాలు చాలావాటిని నాలుగు వారాలు ముందు వేసినా వెనక వేసినా ఇంచుమించు ఒకే కాలానికి ఈనేవి, కారణం ఇదే. 1966లో వచ్చిన ఐఆర్8 లాంటి రకాల్లో ఆ పట్టింపు తీసేశారు. అందుకే అవి రబీలోనూ పండుతున్నాయి.

గట్టు మీది గునుగు

ఇప్పుడు గునుగు దగ్గరికి వద్దాం. గునుగు పొడుగు రాత్రుల మొక్క. రాత్రి పెరిగితే త్వరగా పూస్తుంది, పొట్టిగా ఉంటే ఆలస్యం చేస్తుంది. పూల నెలలో ఏదైనా కందిచేను గట్టున నిలబడి చూడండి. జూన్‌లో మొలిచింది నడుమెత్తు ఉండి, పది కొమ్మలకు పది కంకులు వేసి ఉంటుంది. దాని పక్కనే, ఆగస్టు చివర మొలిచింది జానెడు కూడా ఉండదు. నాలుగాకులూ, నెత్తిన ఒకే ఒక వేలెడు కంకి. రెండూ దాదాపు ఒకే పక్షంలో పూస్తాయి. పరీక్ష హాల్లోకి ఆలస్యంగా వచ్చినవాడు కూడా గంట కొట్టగానే పేపరు ఇచ్చేయాలి, రాసింది ఎంతైనా సరే. జానెడు గునుగు పని అదే. దానికి ఆ గంట కొట్టింది రాత్రి.

వాన వంతు ఏమిటో కూడా ఇందులోనే ఉంది. కంకులెన్ని, ఎంత పొడుగు అన్నది నీళ్లు తేలుస్తాయి. ఎప్పుడు అన్నది రాత్రి తేలుస్తుంది. బెట్ట ఏడాది గునుగు పొట్టిగా, పలచగా ఉంటుంది తప్ప వేళకు రాకుండా పోదు. ఈ పద్ధతిలో గునుగుకు లాభం ఉంది. నేల నిండా తడి ఉన్నప్పుడు పూత, తడి ఆరుతున్నప్పుడు గింజ ముదరడం, పూర్తిగా ఎండాక రాలడం.

పండుగది చంద్రుడి లెక్క, గునుగుది సూర్యుడి లెక్క. ఎంగిలిపూల బతుకమ్మ 2022లో సెప్టెంబరు 25న పడింది, 2023లో అక్టోబరు 14న పడింది. గునుగు మాత్రం ఇరవై రోజులు అటూ ఇటూ జరగదు. అందుకే పండుగ ముందొచ్చిన ఏడు లేత గులాబీ కొసలున్న చిన్న కంకులు దొరుకుతాయి, వెనకొచ్చిన ఏడు అడుగంతా వెండిలా తెల్లబడిన పొడుగాటివి దొరుకుతాయి. రంగు నీళ్లలో ముంచడానికి తెల్లవే బాగుంటాయి. కోసి వారమైనా వాడిపోవు, వాటి రేకులు మొదటి నుంచే కాగితంలా పొడివి కావడం వల్ల.

అమెరికాలో ఉండే తెలంగాణవాళ్లకు గునుగూ తంగేడూ దొరకవు. చామంతులతోనూ బంతులతోనూ పేరుస్తారు. సెప్టెంబరు రాగానే అక్కడి దుకాణాల ముందు చామంతి కుండీలు బారులు తీరడం వెనకా రాత్రి లెక్కే ఉంది. బంతి పుట్టిల్లయితే మెక్సికో. అక్కడా అక్టోబరు చివర, పితృదేవతల పండుగ వేళకు, అది విరగబూస్తుంది.

అన్నిటికీ రాత్రే యజమాని అనుకుంటే పొరపాటు. రెయిన్ లిల్లీకి వానే ఆజ్ఞ. ఎండి తడిసిన నాలుగైదు రోజులకే పూలకాడ నేలలోంచి పైకొస్తుంది. అరకు కాఫీ మొగ్గలు వేసవి ఎండకు బిగుసుకుని నిలబడి, ఒక మంచి జల్లు పడ్డాక వారం పది రోజుల్లో తోటంతా ఒకేసారి విచ్చుకుంటాయి. ముందు బెట్ట తగలకపోతే ఆ మొగ్గలు నీళ్లిచ్చినా సరిగా విచ్చవని బ్రెజిల్ శాస్త్రవేత్త ఆల్విమ్ 1960లో నిరూపించాడు. నల్లగొండ బత్తాయి రైతు చెట్లకు కొన్నాళ్లు నీళ్లు ఆపి, ఆ తర్వాత తడి ఇచ్చి పూత రప్పించుకోవడం ఇలాంటిదే. తంగేడు మీద రాత్రి పెత్తనం తక్కువ, అది ఏడాదిలో చాలాకాలం పూస్తూనే ఉంటుంది. వానల తర్వాత దాని పూత పెరిగిన రోజుల్లో తుమ్మెదల పని చూడండి. తంగేడు పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి గొట్టాల్లాంటి కేసరాల్లో బిగించి ఉంటుంది, కొసన చిన్న రంధ్రం. తుమ్మెద పువ్వును పట్టుకుని రెక్కల కండరాలతో జుమ్మని వణికిస్తే పుప్పొడి దులుపుకుని బయటపడుతుంది.

దీపం కింద చామంతి

చామంతి రైతులు ఈ శాస్త్రాన్ని ఎప్పుడో చేలోకి దించారు. బెంగళూరు చుట్టుపక్కల జిల్లాల్లో రాత్రిపూట ప్రయాణిస్తే చేలల్లో బల్బుల వరుసలు వెలుగుతూ కనిపిస్తాయి. అవి పురుగుల కోసం కాదు. నాటిన కొత్తలో పొడుగు రాత్రులు తగిలితే మొక్క ఎదగకుండానే మొగ్గ తొడుగుతుంది. అందుకని అర్ధరాత్రి వేళ కొన్ని గంటలు దీపాలు వేసి రాత్రిని రెండు ముక్కలు చేస్తారు. కావలసినంత ఎత్తు వచ్చాక దీపాలు ఆపేస్తారు. అక్కడి నుంచి లెక్కపెట్టి ఏ పండుగకు పూలు కావాలో ఆ పండుగకు కోస్తారు.

పట్నంలో మనకు తెలియకుండానే ఆ దీపం మనమే వేస్తున్నాం. వీధిలైటు వెలుగు పడే బాల్కనీలో పెట్టిన చామంతి, ఏపుగా ఆకులు వేసి డిసెంబరు దాటినా మొగ్గ వేయకపోతే, ఎరువుల దుకాణానికి పరిగెత్తకండి. ముందు ఆ కుండీని రాత్రి నిజంగా చీకటిగా ఉండే మూలకు మార్చి చూడండి. క్రిస్మస్‌కు ఎర్రబడే పాయిన్‌సెట్టియాకూ ఇదే మందు. చామంతికి వేడి కూడా అడ్డమే, రాత్రులు చల్లబడకపోతే మొగ్గ ఆలస్యమవుతుంది. కాబట్టి చీకటి మూల దొరికినా ఏసీ బయటి పెట్టె వేడిగాలి తగిలే చోటు వద్దు.

మిగతా తోటపనికీ ఈ లెక్కే దారి చూపుతుంది. వేసవిలో ఎండిన కొమ్మల్ని తొలకరికి ముందు, బతికున్న కణుపు దాకా కత్తిరించండి. చామంతి పిలకల్ని జూన్, జూలైల్లో విడదీసి నాటండి. కొమ్మలు గుబురుగా రావాలని తలలు తుంచేవాళ్లు ఆ పని ఆగస్టుతో ముగించాలి. సెప్టెంబరులో తుంచితే ఆకులో తయారైన ఫ్లోరిజెన్ వెళ్లాల్సిన చివరనే మీరు తీసేసినట్టు. యూరియా కూడా అప్పటికి ఆపాలి, లేకపోతే మొక్క ఆకుల మీదే పడి ఉంటుంది. వేసవిలో నీళ్లు రోజూ కాసిని చిలకరించే బదులు, వారానికి రెండుసార్లు మొదలు తడిసేలా పోసి, పైన ఎండాకు కప్పితే వేరు లోతుకు దిగుతుంది.

గునుగుకు ఇవేవీ అక్కర్లేదు. దానికి కావలసింది గింజ రాలడానికి ఒక గట్టు, అంతే. ఆ గట్టే ఇప్పుడు కరువవుతోంది. పత్తిచేలల్లో కలుపు మందు, ఊరి పక్కన ప్లాట్లు, పండుగకు కంకి ముదరకముందే వేర్లతో సహా పీకి బస్తాల్లో పట్నానికి ఎత్తడం, ఇవన్నీ మట్టిలో దాచుకున్న గింజల నిల్వను తరిగిస్తున్నాయి. ఏటా చచ్చే మొక్కకు ఆ నిల్వ తప్ప వేరే ఆస్తి లేదు. పూలకు వెళ్లినప్పుడు కంకిని కొడవలితో కోయండి, వేరుతో పీకొద్దు. గట్టుకు నాలుగు మొక్కలు ముట్టకుండా వదిలేసి, సంక్రాంతి దాకా గింజ రాలనివ్వండి.